జగదల్‌పూర్, 1966: మూఢనమ్మకం ఖాతాలో రాసేసిన లెక్క

1965 ఆగస్టు 11న అమెరికాలోని లాస్ ఏంజలెస్ నగరంలో, వాట్స్ అనే నల్లవాళ్ళ పేటలో అల్లర్లు మొదలయ్యాయి. తాగి కారు నడుపుతున్నాడని ఒక నల్ల యువకుణ్ణి పోలీసులు ఆపారు. చుట్టూ జనం పోగయ్యారు. మాటా మాటా పెరిగింది. ఆరు రోజులపాటు ఆ ప్రాంతం తగలబడింది. 34 మంది చనిపోయారు. ఆస్తి నష్టం సుమారు 4 కోట్ల డాలర్లు.

ఆ తర్వాత ఏడున్నర నెలలకు, 1966 మార్చి 25న, మన పొరుగునే ఉన్న బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్‌లో పోలీసులు పాత రాజభవనాన్ని చుట్టుముట్టి కాల్పులు జరిపారు. మాజీ మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ తన ఇంట్లోనే తూటాలకు బలయ్యాడు. ఆయనతో కలిపి 12 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఆ ఊరి జనం చెప్పే సంఖ్య దానికి ఎన్నో రెట్లు.

వాట్స్ గురించి అమెరికాలో పుస్తకాలు గుట్టలుగా వచ్చాయి. జగదల్‌పూర్ గురించి తెలుగులో రాసినవాళ్ళు బహు తక్కువ. భద్రాచలం దాటి కుంట, సుక్మా మీదుగా బస్సెక్కితే ఒక్క పూటలో చేరే ఊరది. పైగా ఆ రాజవంశం మన వరంగల్లు నుంచే వెళ్ళిందని చెప్పుకుంటారు. అయినా మనకు పట్టలేదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి కారణం ఉంది. ఒక ముక్క ముందే చెప్పేస్తాను. నల్లవాళ్ళు, ఆదివాసులు ఒకటి కాదు. అక్కడ బానిసత్వం, వర్ణభేదం. ఇక్కడ అడవి, భూమి, తెగ. ఆదివాసులను ‘జాతి’ అని పిలవడమే శాస్త్రీయం కాదు. నేను పోల్చేది మనుషులను కాదు. అల్లరి జరిగాక దానికి పెద్దమనుషులు కారణం ఎలా రాస్తారో, ఆ రాత పద్ధతిని పోలుస్తున్నాను.

వాట్స్ అల్లర్ల మీద కాలిఫోర్నియా గవర్నరు ఒక సంఘాన్ని వేశాడు. మెకోన్ కమిషన్ అంటారు. నల్లవాళ్ళలో బహు కొద్దిమందే, పనీపాటా లేని ఆకతాయిలే, ఇదంతా చేశారన్నది దాని ధోరణి. ఆ తర్వాత పరిశోధకులు పేటకు వెళ్ళి ఇంటింటా అడిగితే, పాల్గొన్నవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువనీ, అందులో ఉద్యోగస్తులూ చదువుకున్నవాళ్ళూ ఉన్నారనీ తేలింది. ఆ జనానికి కోపం ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే ముందటి సంవత్సరం చూడాలి. 1964లో కాలిఫోర్నియా ఓటర్లు, ఇళ్ళు అమ్మడంలో, అద్దెకివ్వడంలో వర్ణవివక్ష కూడదన్న చట్టాన్ని ఓటు వేసి మరీ కొట్టేశారు. అంటే నల్లవాడు జేబులో డబ్బున్నా ఆ పేట దాటి బయట ఇల్లు సంపాదించుకోలేడు. పేటకు దగ్గరలో సరైన ఆసుపత్రి లేదు. మార్టిన్ లూథర్ కింగ్ పేరుతో పెద్దాసుపత్రి తెరిచింది 1972లో. ఇవన్నీ వదిలేసి ‘ఆకతాయిలు’ అన్న ఒక్క మాట రాసుకుంటే ఎవరికీ ఖర్చు లేదు.

జగదల్‌పూర్ విషయంలో ఆ ఒక్క మాట ‘మూఢనమ్మకం’. ఆదివాసులు రాజును దేవుడనుకున్నారు, దంతేశ్వరి అమ్మవారి పూజారి అనుకున్నారు, ఆయన రెచ్చగొట్టాడు, వీళ్ళు బాణాలు పట్టుకొచ్చారు, పోలీసులు కాల్చక తప్పలేదు. ఇదీ అధికారుల వాదన సారాంశం. మన సంఘం సమావేశంలోనే ఒక మిత్రుడు ఈ మాటే అన్నాడు: “రాజును దేవుడనుకున్న జనం ఆ దేవుడితో పాటే పోయారండీ. దీనికి మూఢనమ్మకం తప్ప వేరే కారణం వెతకాలా?”

వెతకాలి. హేతువాదికి హేతువు వెతకడం కంటే వేరే పనేముంది?

కథ ముందునుంచి చెప్పుకుందాం. 1323లో ఢిల్లీ సైన్యానికి ఓరుగల్లు లొంగిపోయాక, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్ అడవుల్లోకి వెళ్ళి రాజ్యం స్థాపించాడని వాళ్ళ వంశ చరిత్ర. వెనక అమ్మవారు గజ్జెల చప్పుడుతో నడిచి వస్తూ, తిరిగి చూడొద్దందట. నది ఇసుకలో గజ్జెలు కూరుకుపోయి చప్పుడు ఆగితే రాజు తిరిగి చూశాడట. అమ్మవారు అక్కడే నిలిచిపోయిందట. అదే దంతెవాడ. ఇలాంటి కథలు దేశంలో ప్రతి రాజవంశానికీ ఒకటి ఉంది. రాజ్యం చేజిక్కించుకున్నవాడికి అమ్మవారి సిఫారసు ఉత్తరం అవసరం కదా! ఈ కథను నమ్మాల్సిన పని లేదు. కానీ కథ చేసిన పని చూడాలి. ఊళ్ళ దేవతలన్నీ దంతేశ్వరికి చెల్లెళ్ళయ్యాయి, రాజు ఆ అక్కగారికి పూజారి అయ్యాడు. దసరాకు ప్రతి ఊరూ తన దేవతతో జగదల్‌పూర్ వచ్చేది. వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టి ఊరుకోలేదు. తమ కష్టాలు రాజు ముందు చెప్పుకునేవారు.

1876లో ఏం జరిగిందో చూస్తే ఇది అర్థమవుతుంది. రాజు భైరందేవ్ ఇంగ్లండు యువరాజు దర్శనానికి బయల్దేరాడు. మురియా ఆదివాసులు దారికి అడ్డం పడ్డారు, వెళ్ళొద్దన్నారు. భక్తి ఎక్కువై కాదు. రాజు ఊళ్ళో లేకపోతే దివాను గోపీనాథ్ కపర్‌దార్, మున్షీ ఆదిత్ ప్రసాద్ తమను పీక్కుతింటారని వాళ్ళ భయం. కాల్పులు జరిగాయి. జనం జగదల్‌పూర్‌ను చుట్టుముట్టారు. చివరికి సిరొంచా నుంచి మాక్‌జార్జ్ అనే తెల్ల అధికారి వచ్చి, విచారించి, ఆ ఇద్దరినీ తప్పించాడు. గొడవ సద్దుమణిగింది. ఆ ఏడాది మార్చి 8న జరిగిన సభ పేరు మీదే నేటికీ దసరా రోజుల్లో మురియా దర్బార్ జరుగుతుంది.

ఇక్కడ రాజు దేవుడా, అర్జీలు పుచ్చుకునే ఆఫీసా? నన్నడిగితే రెండోదే అసలు సంగతి, మొదటిది దానిమీద కప్పిన పట్టుబట్ట.

1910లో మళ్ళీ. దీన్ని భూంకాల్ అంటారు. ఈసారి కారణం ఇంకా స్పష్టం. 1905లో ప్రభుత్వం అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలనుకుంది. పోడు కుదరదు, వేట కుదరదు, ఆకూ పండూ ఏరుకోవడానికి వీల్లేదు. పైన పన్నులు, వెట్టి, కరువు. మామిడి కొమ్మ, మట్టి బెడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరూరా తిరిగాయి. కరపత్రం అచ్చువేయించే అవకాశం లేనివాళ్ళ కరపత్రమది. ఫిబ్రవరిలో పూస్పాల్ సంతలో మొదలై, సంతలు, అధికారుల ఇళ్ళు, బడులు, పోలీసు ఠాణాలు దోచుకున్నారు, తగలబెట్టారు. బడులు కూడానా అని మనకు బాధ కలుగుతుంది. కానీ ఆ బడి కట్టడానికి వెట్టి చేసిందీ, పంతులుకు ఊరికే బియ్యం పోసిందీ ఎవరో గుర్తుంచుకోవాలి. అణచడానికి బ్రిటిష్ వాళ్ళకు మూడు నెలలు పట్టింది. నేతానార్ ఊరి గుండాధుర్‌ను మాత్రం పట్టుకోలేకపోయారు. ఆ తర్వాత రిజర్వు పని కొంతకాలం ఆపారు. రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని ఇంచుమించు సగానికి తగ్గించారు.

గమనించారా? 1876లోనూ 1910లోనూ రాజ్యం తన కారణాల జాబితాలో మూఢనమ్మకం రాసుకుని ఉండొచ్చు. చేసింది మాత్రం దివానును మార్చడం, అడవి రిజర్వు తగ్గించడం. అంటే అసలు కారణం ఏమిటో దానికి తెలుసు.

ఇక ప్రవీర్ దగ్గరికి వద్దాం. తల్లి ప్రఫుల్ల కుమారీ దేవి, బస్తర్ రాణి, 1936లో లండన్‌లో ఆపరేషన్ తర్వాత చనిపోయింది. ఏడేళ్ళ పిల్లవాడిని గద్దెమీద కూర్చోబెట్టారు. ఇంగ్లీషు సంరక్షకుల మధ్య పెరిగాడు. 1947లో పూర్తి అధికారాలు వచ్చాయి. 1948 జనవరి 1న బస్తర్ భారతదేశంలో విలీనమైపోయింది. ముచ్చటైనా తీరలేదన్నమాట. 1953లో ఆయనకు ఆస్తి చూసుకునే శక్తి లేదని ప్రభుత్వం ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి తీసుకుంది. మన జమీందారీల చరిత్ర తెలిసినవాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. 1955లో ఆదివాసీ కిసాన్ మజ్దూర్ సేవా సంఘ్ పెట్టాడు. 1957లో కాంగ్రెస్ టిక్కెట్టు మీదే శాసనసభకు వెళ్ళాడు. తర్వాత బయటికొచ్చాడు.

ఆయన్ను మహాత్ముణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. తనను దేవుడిగా చూడటాన్ని ఆయన వద్దనలేదు సరికదా, ఎరువు వేసి పెంచాడు. రాసిన పుస్తకానికి పేరే ‘ఐ ప్రవీర్ ది ఆదివాసీ గాడ్’. తనను తాను దేవుడని ముఖచిత్రం మీద వేసుకున్న మనిషికి హేతువాది చప్పట్లు కొట్టడు. రాజభవనంలో కూర్చుని నోట్లు పంచిపెట్టేవాడనీ ప్రసిద్ధి. దానం చేసేవాడు హక్కు ఇవ్వడు. ఇవన్నీ నిజమే. అయినా ప్రశ్న అలాగే ఉంటుంది. అంత జనం ఆయన వెనక ఎందుకు నిలబడ్డారు?

1950లలో బస్తర్ జమాఖర్చు చూడండి. ఆ జిల్లా విస్తీర్ణం 39,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. దానికంతటికీ కలెక్టరు ఒక్కడు. అడవి ప్రభుత్వానిది. సొంత పట్టా భూమిలో ఉన్న చెట్లు మాత్రం రైతువి. దీన్ని మాలిక్ మక్బూజా అంటారు. ఈ హక్కు రాగానే కలప వ్యాపారులు దిగారు. టేకు మాను విలువ తెలియని ఆదివాసి దగ్గర దాన్ని కారుచౌకగా, కొన్నిచోట్ల భూమితో సహా, రాయించుకున్నారు. మోసం ఎంత పచ్చిగా జరిగిందంటే 1956లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆదివాసుల చెట్లను కాపాడటానికే ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సివచ్చింది. చట్టం చేసినా దందా ఆగలేదు. 1990లలో అదే మాలిక్ మక్బూజా పేరుతో మళ్ళీ కుంభకోణం బయటపడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈసారి వ్యాపారులతోపాటు అధికారుల పేర్లూ వినిపించాయి.

1958లో దండకారణ్య ప్రాజెక్టు వచ్చింది, తూర్పు బెంగాల్ కాందిశీకులకు పునరావాసం. కాందిశీకులను ఆదుకోవడం న్యాయమే, కానీ ఎవరి అడవిలో ఆదుకుంటున్నామో ఆ అడవివాళ్ళను అడిగారా? బైలడిలా ఇనుప గనులు, జపానుకు ఖనిజం, దాన్ని మన విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలుమార్గం. అన్నీ ఈ పదేళ్ళలో ఆలోచించినవో కట్టినవో. దేశానికి విదేశీ మారకద్రవ్యం వచ్చింది. ఆదివాసికి వచ్చింది కూలి, అది కూడా అందరికీ కాదు.

జగదల్‌పూర్ పట్నం ఎవరిదో కూడా ఆలోచించండి. కచేరీ, జైలు, కోర్టు, దుకాణాలు, లారీలు, అన్నీ బయటినుంచి వచ్చినవాళ్ళవి. ఆదివాసి అక్కడికి సంతకు వస్తాడు, కోర్టు వాయిదాకు వస్తాడు, సంకెళ్ళతో జైలుకు వస్తాడు. తనదనిపించే చోటు ఆ ఊళ్ళో ఒక్కటే, రాజభవనం ఆవరణ. అక్కడ చాప పరుచుకుని పడుకోవచ్చు. వాట్స్ నల్లవాడికి తన పేటనుంచి బయటికి పోయే దారి లేదు. బస్తర్ ఆదివాసికి పట్నంలోకి వచ్చే దారి లేదు. రెండు చోట్లా ఆ గీత దగ్గర నిలబడ్డవాడు పోలీసే.

1961 ఫిబ్రవరిలో ప్రవీర్‌ను ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం కింద నిర్బంధించారు. మర్నాడే కేంద్రం ఆయన రాజగుర్తింపు రద్దుచేసి తమ్ముడు విజయచంద్రను రాజుగా గుర్తించింది. ఇదొక విచిత్రం. ప్రజాస్వామ్య ప్రభుత్వం, ‘రాజు’ అనే మూఢత్వాన్ని తీసేద్దామనుకోలేదు. మాట వినే రాజును పెట్టుకుందామనుకుంది. ఆదివాసులు ఒప్పుకోలేదు. సంతల్లో ఆందోళన మొదలైంది. మార్చి 31న లోహండీగూడలో పోలీసులు కాల్పులు జరిపారు. పది మందికి పైగా ఆదివాసులు చనిపోయారు. ఏడాది తిరగకుండా 1962లో ఎన్నికలొస్తే, జిల్లాలో అత్యధిక స్థానాలు ప్రవీర్ మద్దతున్నవాళ్ళే గెలిచారు. మూఢులు అని పేరుపడ్డవాళ్ళు చక్కగా వరసలో నిలబడి, ఓటు వేసి, తమ మాట చెప్పారు. వినే ఓపిక ఉంటే అప్పుడే వినాల్సింది.

1965లో దేశమంతటా కరువు. అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన రోజులవి. అన్నిచోట్లా లెవీ ధాన్యం వసూళ్ళు. బస్తర్‌లో లెవీకి వ్యతిరేకంగా ఆందోళనలు జరిగాయి, అందులో ఆడవాళ్ళు ముందున్నారు. రాజును దేవుడనుకునే ఆడవాళ్ళు అమ్మవారి గురించి కాదు, బియ్యం గురించి కలెక్టరు కచేరీకి వెళ్ళారు. ఈ ఒక్క సంగతి చాలు, ‘మూఢనమ్మకం’ సిద్ధాంతం ఎంత బోలుదో చెప్పడానికి.

1966 మార్చి 25. చైత్ర పండుగ రోజులు. ఊళ్ళనుంచి వచ్చిన ఆదివాసులు రాజభవనం ఆవరణలో ఉన్నారు. విచారణ ఖైదీలను తీసుకెళ్తున్న పోలీసులతో గొడవ మొదలైంది. బాణం తగిలి ఒక పోలీసు చనిపోయాడు. అతనూ ఎవరింటి బిడ్డో, ఆ చావునూ లెక్కలో రాయాలి. తర్వాత బాష్పవాయువు, కాల్పులు. మధ్యలో ఆడవాళ్ళను, పిల్లలను బయటికి రమ్మన్నారు, కొందరు వచ్చారు. కాల్పులు ఆగలేదు. ప్రవీర్ వయసు అప్పటికి 36. పోలీసులు 61 గుళ్ళు కాల్చినట్టు అధికారిక లెక్క. పార్లమెంటులో గొడవైంది. ముఖ్యమంత్రి ద్వారకా ప్రసాద్ మిశ్రా ప్రభుత్వం హైకోర్టు జడ్జి కె. ఎల్. పాండేతో విచారణ సంఘం వేసింది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల ఆఫీసుల్లో బిల్లులు చూసినవాణ్ణి. ఆడిట్‌లో ఒక సంగతి మొదటి ఏడాదిలోనే తెలుస్తుంది. అడిగిన ప్రశ్నకే జవాబు వస్తుంది. “ఈ ఖర్చుకు మంజూరు ఉందా?” అని అడిగితే “ఉంది” అని వస్తుంది, పేరా మూసేస్తాం. “ఈ ఖర్చు అసలెందుకు?” అని అడగడానికి వేరే అధికారం కావాలి. మన దేశంలో 1952 చట్టం కింద కాల్పుల మీద వేసే విచారణ సంఘాల పరిధి చదవండి. సాధారణంగా ప్రశ్నలు ఇవీ: ఏ పరిస్థితిలో కాల్పులు జరిగాయి, అవసరమా కాదా, మోతాదు మించిందా. అంటే గుళ్ళ లెక్క. బియ్యం లెక్క, టేకు లెక్క, భూమి లెక్క ఆ పరిధిలోకి రావు. రాకపోతే, ఆ ఖాళీలో ‘అమాయక ఆదివాసులు, మూఢభక్తి’ అన్న మాట వచ్చి కూర్చుంటుంది. పైగా సంఘం సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడక్కర్లేదు.

అయితే విశాలంగా అడిగితే పని జరుగుతుందా? ఇక్కడ మళ్ళీ అమెరికా ఉపయోగపడుతుంది. 1967 జూలైలో న్యూఆర్క్‌లో 26 మంది, డెట్రాయిట్‌లో 43 మంది చనిపోయాక అధ్యక్షుడు జాన్సన్ ఒక సంఘాన్ని వేశాడు. కెర్నర్ కమిషన్. ఆయన అడిగినవి మూడే: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి. ఆ రెండో ప్రశ్న ఉండబట్టే, 1968లో వచ్చిన నివేదిక ఆకతాయిల సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, పేటలను తయారుచేసిందీ నిలబెట్టిందీ తెల్ల సమాజమేనని సూటిగా రాసింది. ఇళ్ళు, ఉద్యోగాలు, బడులు, పోలీసు ప్రవర్తన, అన్నిటికీ సిఫారసులు చేసింది. పుస్తకం లక్షల కొద్దీ అమ్ముడుపోయింది. వేయించిన జాన్సనే దాన్ని పట్టించుకోలేదు. వియత్నాం యుద్ధం ఖర్చు పైనుంది మరి. ఆ ఏప్రిల్‌లో కింగ్ హత్య, వందకు పైగా ఊళ్ళలో అల్లర్లు, వెంటనే ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధిస్తూ ఒక చట్టం. అంతవరకే.

ఆ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కెన్నెత్ క్లార్క్ ఒక సంగతి ఎత్తిచూపాడు. 1919 షికాగో అల్లర్ల నివేదిక, 1935, 1943 హార్లెం నివేదికలు, వాట్స్ నివేదిక, అన్నిటా అదే విశ్లేషణ, అవే సిఫారసులు, అదే నిష్క్రియ అని. పాత ఆడిట్ పేరాలు ఏటా కొత్త రిపోర్టులోకి ఎక్కించడం చూసినవాడిని కనక ఆ మాట చదివి నవ్వొచ్చింది. నవ్వాల్సిన విషయం కాదనుకోండి.

అల్లరి నష్టం ఎవరి ఖాతాలో పడిందో కూడా చెప్పాలి. కాలిన్స్, మార్గో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. 1960లలో తీవ్రమైన అల్లర్లు జరిగిన నగరాల్లో నల్లవాళ్ళ ఇళ్ళ విలువ పడిపోయింది, చాలాకాలం లేవలేదు. పెట్టుబడి, పన్ను కట్టేవాళ్ళు పేట వదిలిపోయారు. అల్లరిని గొప్ప తిరుగుబాటని పాడుకునే మన మిత్రులు కొందరు ఈ లెక్క చూడరు.

బస్తర్‌లో కాల్పుల తర్వాత ఏం జరిగిందో హేతువాదులు తప్పక తెలుసుకోవాలి. మూఢనమ్మకమే రోగమైతే, ‘దేవుడు’ చచ్చాక రోగం నయం కావాలి కదా? 1970ల మొదట్లో బాబా బిహారీదాస్ అనే ఒకాయన వచ్చి, తానే ప్రవీర్‌నన్నాడు. చావు తప్పి మరో రూపంలో తిరిగొచ్చానన్నాడు. మెడలో కంఠీ కట్టుకోండి, కల్లూ సారా మానండి, మాంసం మానండి అన్నాడు. వేలమంది కట్టుకున్నారు. కట్టుకోనివాళ్ళను వేధించిన సందర్భాలూ ఉన్నాయి. పార్టీలవాళ్ళు ఓట్ల కోసం ఆయన దగ్గరికి వెళ్ళారు. చివరికి 1975లో ఆంతరంగిక భద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. రాజభవనంలో ఉన్న దేవుడు కనీసం లెవీ బియ్యం గురించి మాట్లాడేవాడు. ఈ కొత్త దేవుడు కూడు, కల్లు మానమన్నాడు. అర్జీ పెట్టుకునే చోటు మూసేస్తే జనం హేతువాదులైపోరు. దొరికిన ఇంకో గుమ్మం తొక్కుతారు.

1978 ఏప్రిల్‌లో బైలడిలా దగ్గర కిరండూల్‌లో, పని పోగొట్టుకున్న కాంట్రాక్టు కార్మికుల మీద కాల్పులు. అక్కడ రాజూ లేడు, అమ్మవారూ లేదు, ఉన్నది కూలి ఒక్కటే. 1980లనుంచి గోదావరి దాటి నక్సలైట్లు వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. తునికాకు కట్టకు రేటు, ఫారెస్టు గార్డుల మామూళ్ళు, ఇవే వాళ్ళు మొదట పట్టుకున్న విషయాలు. అంటే రాజు ఖాళీ చేసిన కుర్చీ. తర్వాత వాళ్ళూ తమ కోర్టు, తమ శిక్ష, ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో తమ హత్యలు నడిపారు. 2005లో సల్వాజుడుం. ఆదివాసి చేతికే తుపాకీ ఇచ్చి ఆదివాసి మీదికి పంపారు. ఊళ్ళు తగలబడ్డాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమంది. ఈలోపు వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. మనం గుత్తికోయలంటాం. ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో వాళ్ళ గుడిసెలు చూడొచ్చు. మన రైతుల మిరప తోటల్లో కాయ కోసేదీ చాలావరకు బస్తర్ కూలీలే.

విచారణ సంఘాలు ఆగలేదు. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కేగూడలో 17 మందిని భద్రతా దళాలు కాల్చిచంపాయి. మావోయిస్టులన్నారు. ఊరివాళ్ళు, విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నామన్నారు. చనిపోయినవాళ్ళలో పిల్లలున్నారు. రిటైర్డు జడ్జి వి. కె. అగర్వాల్ ఏడేళ్ళు విచారించి, చనిపోయినవాళ్ళు మావోయిస్టులనడానికి తృప్తికరమైన సాక్ష్యం లేదని 2019లో నివేదిక ఇచ్చారు. ఈసారి గుళ్ళ లెక్కయినా తేలింది. దానిమీద చర్య కోసం ఊరివాళ్ళు ఠాణా ముందు కూర్చోవాల్సివచ్చింది.

లోహండీగూడ కథ కాస్త వేరే. 1961లో కాల్పులు జరిగిన ఆ ప్రాంతంలోనే, 2005లో టాటా స్టీల్ కర్మాగారానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం రాసుకుంది. పది గ్రామాల భూమి సేకరించారు. గ్రామసభల్లో వద్దన్నవాళ్ళున్నారు, కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. కర్మాగారం రాలేదు. 2018 డిసెంబరులో కొత్త ప్రభుత్వం భూములు తిరిగి ఇచ్చేస్తామంది. 2019 ఫిబ్రవరిలో రైతులకు పట్టా కాగితాలు పంచారు.